పేరు ఒకరిది, ఛాతీ మరొకరిది

జబ్బుపడటం నేరం కాదని కార్మికులకు నచ్చజెప్పడం నా ఉద్యోగం. అందుకు నాకు జీతమిచ్చిన యజమానికే ఆ మాట మీద నమ్మకం లేదని చాలా ఆలస్యంగా తెలిసింది.

మొన్న ఒక పెద్ద కంపెనీలో పనిచేసే అమ్మాయి మా ఇంటికి వచ్చింది. వాళ్ళ ఆఫీసులో ఆరోగ్య వారోత్సవాలట. పొద్దున్నే యోగా, క్యాంటీన్‌లో మొలకలు, ఎవరు ఎక్కువ నడిస్తే వాళ్ళకు బహుమతి. "మీ కాలంలో ఇలాంటివి ఉండేవా అంకుల్?" అని అడిగింది. ఉండేవమ్మా. మొలకలు లేవు గాని మిగతావన్నీ ఉండేవి. అవి ఎలా ఉండేవో నీకూ, నీ ఈడు పిల్లలకూ చెబుదామనే ఇది రాస్తున్నాను. నీతులు మాత్రం నా దగ్గర ఆశించకండి. నీతులన్నీ ఆ మిల్లు గోడల మీద రాయించేశారు, నాకేమీ మిగల్లేదు.

తొంభైల నడిమి సంగతి. సూరత్‌కు ప్లేగు వచ్చి పోయింది. దొరికిన రైలు ఎక్కి పారిపోయిన జనం మెల్లమెల్లగా తిరిగొచ్చారు. అలా తిరిగొచ్చిన వాళ్ళలో మనవాళ్ళు చాలామంది. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి వచ్చి మరమగ్గాలు నడిపేవాళ్ళు. మరమగ్గాన్ని వాళ్ళు సాంచె అంటారు. ఆ ఊళ్ళోనే ఖటోదరా పేటలో మా మిల్లు. మగ్గాల మీద సగానికి సగం మంది మనవాళ్ళే కాబట్టి, తెలుగు వచ్చిన సంక్షేమాధికారి కావాలని నన్ను పెట్టుకున్నారు.

ప్లేగు భయం మా సేఠ్‌ను సంస్కర్తను చేసింది. ఉన్న మాట చెప్పాలి. మరుగుదొడ్లు బాగు చేయించాడు. మంచినీళ్ళకు కొత్త కుళాయిలు పెట్టించాడు. అంతవరకు చేసి ఊరుకుంటే నేను ఆయనకు ఇవాళ్టికీ దండం పెట్టేవాణ్ణి. ఊరుకోలేదు. 'ఆరోగ్యమే మహాభాగ్యం' అనే అర్థం వచ్చే వాక్యాలు గుజరాతీలో, హిందీలో గోడల నిండా రాయించాడు. పాళీ మొదలయ్యే ముందు అందరూ నిలబడి కళ్ళు మూసుకుని గుండెల నిండా గాలి పీల్చాలి. ఏ గాలి? గాలి తగిలితే దారం పాడవుతుందని ఆ మగ్గాల షెడ్డు కిటికీలన్నిటికీ గోనెపట్టాలు కొట్టి ఉండేవి. నిన్నటి పాళీ వాళ్ళు వదిలిన గాలిని ఇవాళ్టి పాళీ వాళ్ళు శ్రద్ధగా, గుండెల నిండా పీల్చుకునేవారు. లోపలి గాలిని బయటికి లాగే ఫ్యాన్లు పెట్టించమని అడిగాను. "దారం సంగతి మీకు తెలీదు," అన్నాడు సేఠ్. నిజమే. నేను మనుషుల సంగతి చూడటానికే వచ్చాను.

ఒక ఆదివారం అందరినీ బస్సుల్లో డుమస్ సముద్రం ఒడ్డుకు తీసుకెళ్ళి వ్యాయామం గురించి ఉపన్యాసం ఇప్పించి, టమాటా భజియాలు పెట్టించాడు. రానివాళ్ళకు సోమవారం సగం పూట గైరుహాజరు వేశారు. సంతోషం కూడా నిర్బంధమే అక్కడ.

నేనూ తక్కువ తినలేదు. చిన్నతనం నుంచి సంఘసంస్కరణ సభల్లో వాదించి పెరిగినవాణ్ణి. దెయ్యాలను, దిష్టిని, బాబాలను చీల్చి చెండాడిన నాలుక నాది. ఊరుకుంటుందా? మధ్యాహ్నం తిండి వేళ సాంచెల వాళ్ళ మధ్య కూర్చుని ఉపన్యసించేవాణ్ణి. మగ్గాల మీద అందరికంటే పాతకాపు ఒకాయన ఉండేవాడు. మనవాళ్ళంతా పెద్దన్న అనేవారు. ఆయనకు ఎప్పటినుంచో దగ్గు. మెడలో ఎవరో బాబా కట్టిన తాయెత్తు. నా కన్ను ఎప్పుడూ ఆ తాయెత్తు మీదే.

"తాయెత్తుకు దగ్గు తగ్గుతుందా అన్నా? ఎక్స్‌రే తీయించుకుంటే లోపల ఏముందో తెలుస్తుంది కదా," అన్నాను ఒకరోజు.

"తెలుస్తది సారు, ఎందుకు తెల్వది?" అన్నాడాయన రొట్టె తుంచుతూ. "నాకు తెలుస్తది. నీకు తెలుస్తది. సేఠ్‌కు గూడ తెలుస్తది. గీ తాయెత్తు మంచిది. ఎవలికి చెప్పది. దగ్గు తగ్గకుంటె తగ్గకపాయె, నౌకరైతె పీకది."

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు. వాళ్ళ నవ్వుకు కారణం ఉంది. అంతకుముందే పక్క వీధిలో ఒక మిల్లు వాళ్ళు ఇలాగే ఛాతీ పరీక్షలు చేయించి, మచ్చ కనిపించిన వాళ్ళను ఆ వారమే గేటు బయట నిలబెట్టారు.

మా మిల్లుకూ ఎక్స్‌రే బండి వస్తుందన్నప్పుడు నేను అందరి ముందే సేఠ్‌ను అడిగాను, క్షయ తేలినవాళ్ళ గతేమిటని. ఆయన ఛాతీ మీద చెయ్యి వేసుకుని, "వీళ్ళంతా నా బిడ్డలు. మందూ నాదే, తిండీ నాదే," అన్నాడు. ఆ మాటను తెలుగులోకి మార్చి, ఇంకాస్త తీపి కలిపి చెప్పింది నేనే.

ఇక్కడ మీకు బద్లీ అంటే ఏమిటో చెప్పాలి. సాంచె ఆగకూడదు. ఎవరైనా ఊరికి పోయినా, ఒంట్లో బాగా లేకపోయినా తన బదులు ఇంకో మనిషిని పంపాలి. వచ్చినవాడే బద్లీ. సాంచెలు నడిపేది అతను, హాజరు పడేది అసలు మనిషి పేరు మీద. పగారులో, అంటే జీతంలో, వాటా తర్వాత వాళ్ళిద్దరూ చూసుకుంటారు. ఏళ్ళ తరబడి ఇలా ఇతరుల పేర్ల మీదే బతికేవాళ్ళు ఉండేవారు. మా దగ్గర అలాంటివాడు ఒకడు, ఊళ్ళో కుస్తీలు పట్టినవాడు. అందరూ పహిల్వాన్ అనేవారు. తలుపు రెక్కలంత ఛాతీ. రేపో మాపో తన పేరు మీద ఒక జత సాంచెలు ఇస్తారని నాలుగేళ్ళుగా ఎదురు చూస్తున్నాడు.

ఎక్స్‌రే రోజున హాజరులో పేరున్న వాళ్ళనే పిలిచారు. బద్లీల ఛాతీలకు ఫిల్ము ఖర్చు దండగ కదా. నన్ను రంగుల విభాగం వైపు వరస చూడమన్నారు. మగ్గాల వాళ్ళ వరస బండికి అవతలి పక్క. నాకు కనబడని ఆ పక్కన మనవాళ్ళు తమకు తెలిసిన పద్ధతే పాటించారు. తాము నిలబడలేని చోటికి బద్లీని పంపడం. పెద్దన్నకూ, దగ్గు ఉన్న మరో ఇద్దరికీ కలిపి ఒకే గట్టి ఛాతీ చూసి పంపారు. ముగ్గురి పేర్లు పిలిచిన మూడుసార్లూ పహిల్వాన్ వెళ్ళి నిలబడ్డాడు.

వారం తర్వాత మిల్లు డాక్టరు నన్ను పిలిచాడు. గుజరాతీ మనిషి, మెత్తనివాడు, వారంలో కొన్ని పూటలు వచ్చి పోయేవాడు. మూడు ఫిల్ములు కిటికీ వెలుగుకు పట్టుకుని అడిగాడు, "మీరు మహిమలను నమ్మరు కదూ?"

"నమ్మను."

"అయితే ఇది చూడండి. ముగ్గురికీ ఎడమ పక్క కాలర్ ఎముక ఒకే చోట విరిగి అతుక్కుంది. ముగ్గురికీ కుడి పక్క పైన, ఒకే ఆకారంలో మచ్చ." నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "ఈ ఒకే ఒక్క మనిషికి క్షయ ఉంది. చాలా ముదిరింది. ఎవడతను?" అన్నాడు.

విరిగిన ఎముక మాట వినగానే నాకు కుస్తీ గుర్తొచ్చింది. మధ్యాహ్నం మగ్గాల వాళ్ళు తినే మెస్సుకు వెళ్ళాను. ఒక తెలుగామె నడిపేది, అందరికీ అక్క. విషయం చెప్పగానే మొదట వచ్చింది నవ్వే.

"గట్టి కుండ అని కొట్టి చూసి తెస్తిమి గదరా, అడుగుకు చిల్లా!" అన్నాడు ఒకడు.

"నాకేం బీమారి సారు? పొద్దుగాల్ల లేస్తె దండీలు తీస్త," అన్నాడు పహిల్వాన్. "ఆ మిషిన్‌దే ఏదో ఖరాబుంటది. ఆ మిషినోడు నా మొఖం గూడ చూడలే. మూడు మాట్ల పోయిన. మూడు మాట్ల 'ఊపిరి ఆపు' అన్నడు."

"పేరు అడగలేదా?"

"అడిగిండు. ఒక్కొక్కపారి ఒక్కొక్కటి చెప్పిన. అంగి విప్పినంక మనిషికి పేరేడుంటది సారు?"

మళ్ళీ నవ్వులు. "రాత్రిళ్ళు చెమటలు పడుతున్నాయా?" అని అడిగాను.

"సూరత్‌ల చెమట పట్టందెవలికి?"

పొయ్యి దగ్గర నుంచి అక్క మాట అందుకుంది. "పడుతున్నయి సారు. పక్కబట్ట పిండితె నీళ్ళు కారుతున్నయి. ఆరు రొట్టెలు తినెటోడు రెండు తిని లేస్తున్నడు. ఏందిరా తమ్మీ అంటె ఆకలి లేదక్కా అంటడు."

ఎవరూ నవ్వలేదు. పహిల్వాన్ తన ఛాతీ వైపు కొత్త మనిషిని చూసినట్టు చూసుకున్నాడు. పెద్దన్న కంచం పక్కకు జరిపి, "నేనే పంపిన సారు. నన్నేమన్న అను," అన్నాడు.

మరునాడు నలుగురినీ పట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి, ఎవరి పేరుతో వాళ్ళ ఛాతీనే చూపించాను. ఏం తేలిందనుకున్నారు? పెద్దన్నకు క్షయ లేదు. బీడీలు మానేయమన్నారు. మిగతా ఇద్దరికీ లేదు. ఉన్నది పహిల్వాన్ ఒక్కడికే.

పెద్దన్న ఆసుపత్రి వరండాలో గొంతుక్కూర్చున్నాడు. సంతోషిస్తాడనుకున్నాను.

"అంటె మా అంతట మేం పోతె సాఫ్ ఒచ్చేది. గంతే గద సారు?"

"అవును."

"మరి గీ పోరగానిది?"

"ఎప్పటికీ తెలిసేది కాదు. వీణ్ణి పిలవనే పిలవరు కదా."

పిల్లలూ, ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. అబద్ధాన్ని నేను జీవితమంతా తిట్టాను, ఇప్పుడూ తిడతాను. కాని ఆ మిల్లు నియమం నిజాయితీగా అమలైతే ఆ క్షయ బయటపడేది కాదు. జబ్బున్న మనిషి ఆ లెక్కలో మనిషే కాదు. వీళ్ళు చేసిన మోసం వల్లనే అది దొరికింది. ఎక్స్‌రే అబద్ధం చెప్పలేదు. మూడుసార్లు అడిగితే మూడుసార్లూ నిజమే చెప్పింది. యంత్రాన్ని నమ్మమని జనానికి చెప్పేవాళ్ళు, ఆ యంత్రం చెప్పిన నిజం ఎవరి చేతికి పోతుందో కూడా చెప్పాలి. విజ్ఞానం మీద నా నమ్మకం ఆ రోజు తగ్గలేదు. దాన్ని జేబులో వేసుకుని తిరిగేవాళ్ళ మీద ఉన్న కాస్త నమ్మకం పోయింది.

కొత్త ఫిల్ములు పట్టుకుని సేఠ్ గదికి వెళ్ళాము. సేఠ్, మేనేజరు, డాక్టరు కుర్చీల్లో. నాకూ ఒక కుర్చీ. పెద్దన్న, పహిల్వాన్ నిలబడ్డారు. మిగతా ఇద్దరు తలుపు బయట. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. ముగ్గురికీ జబ్బు లేదు, భయంతో తప్పు చేశారు. నాలుగో మనిషికి వైద్యం కావాలి. మందులు పెద్దాసుపత్రిలో ఊరికే ఇస్తారు. అతనికి కావలసింది కొన్ని నెలల విశ్రాంతి, తిండి, తిరిగి వచ్చాక ఒక జత సాంచెలు. ఇంతకంటే తక్కువ ఖర్చులో మీ మాట నిలబడదు, అన్నాను.

సేఠ్ ఫిల్ములను చూడలేదు. "వీళ్ళకు జబ్బు లేదు. సంతోషం. కాని మోసగాళ్ళు. ఆరోగ్యమంటే ఒళ్ళు ఒక్కటేనా? మనసు శుభ్రంగా ఉండొద్దా?" అన్నాడు.

"మరి ఇతను?"

మేనేజరు చెప్పాడు, "ఇతనెవరు? హాజరులో ఈ పేరే లేదు."

పహిల్వాన్ తనకు వచ్చిన హిందీలో నాలుగేళ్ళుగా ఏయే సాంచెలు నడిపాడో చెప్పబోయాడు. సేఠ్ దయగానే అడ్డం వచ్చాడు. కోపం ఉంటే నాకు ఇంత గుర్తుండేది కాదేమో. "భాయ్, నువ్వు నా దగ్గర పని చెయ్యవు. వీళ్ళ దగ్గర చేస్తావు. వెళ్ళి వీళ్ళనడుగు."

నేను డాక్టరు వైపు తిరిగాను. మందు మొదలెట్టిన కొన్ని వారాలకు ఇతని వల్ల ఎవరికీ అంటదని ఒక్క మాట చెప్పమన్నాను. డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "శాస్త్రం ప్రకారం మీరన్నది నిజమే. కాని యాజమాన్యం జాగ్రత్త పడటాన్ని తప్పు పట్టలేం," అన్నాడు. చదువుకున్నవాడి పిరికితనానికి ఎంత చక్కని వ్యాకరణం ఉంటుందో చూశారా.

అప్పుడు పెద్దన్న నాతో అన్నాడు, "సారు, నేను చెప్పేది జర సేఠ్‌కు సమజ్ చెయ్యి. నా పేరు కొట్టెయ్యుమను. నా జోడి మీద వీని పేరు రాయుమను. వీడు మందులు మింగినన్నొద్దులు వీనికి నేను బద్లీ చేస్త. సాంచె ఆగది. పగార్ వీనికే ఇయ్యుండ్రి. నాకు వీడు ఏమిస్తె అదే."

నేను అక్షరం పొల్లుపోకుండా హిందీలో చెప్పాను. సేఠ్ ఒక్క క్షణం ఆలోచించాడు. ఆ క్షణంలో పహిల్వాన్ ప్రాణం ఉంది. గదిలో అందరికీ అది తెలుసు.

తర్వాత సేఠ్ నవ్వాడు. "మళ్ళీ బద్లీయేనా!" అన్నాడు. మేనేజరు నవ్వాడు. డాక్టరు కూడా నవ్వాడు. అంతటితో అయిపోయింది. ముగ్గురినీ ఆ పూటే తీసేశారు. పహిల్వాన్‌ను తీసేయడానికి అతను హాజరులోనే లేడు కాబట్టి, లోపలికి రానివ్వొద్దని గేటు దగ్గర చెప్పారు.

కార్ఖానాలో ఆరోగ్యం అంటే ఏమిటని మీరు నన్నడిగితే, ఆ గదిలో నవ్వులపాలైన ఆ ఏర్పాటే అంటాను. నాకు జబ్బు చేసింది అని పైకి చెప్పిన మనిషి సాంచె ఇంకొకరు నడపాలి, అది మళ్ళీ అతనికి దక్కాలి. మిగిలిందంతా గోడరాతలు.

పహిల్వాన్ కొన్నాళ్ళు మందులు మింగాడు. అక్క విడిగా కంచం పెట్టి, విడిగానే అయినా కడుపునిండా పెట్టింది. దగ్గు తగ్గింది, ముఖంలో రంగు వచ్చింది. ఆ తర్వాత ఊరవతల ఒక చిన్న షెడ్డులో ఎవరి పేరు మీదో బద్లీగా చేరాడని తెలిసి పరుగెత్తాను. మందులు ఆపేశాడు. తాయెత్తులు కట్టించుకున్న వాళ్ళను తిట్టినట్టే తిట్టాను. మధ్యలో ఆపితే ముందుకంటే గట్టిగా తిరగబడుతుందని చెప్పాను.

"ఎరుకే సారు," అన్నాడు, సాంచె మీంచి చూపు తియ్యకుండా. ఆ మోతలో అతను నా చెవి దగ్గరికి వంగి అరవవలసి వచ్చింది. "దవాఖాన లైన్‌ల పొద్దంత నిలవడితె గీ సాంచె ఎవడు నడుపుతడు? అందరికి నేను బద్లీ. నాకు బద్లీ ఎవడున్నడు?"

తర్వాత ఎండాకాలంలో రక్తం కక్కుకుంటే పెద్దన్నే రైలెక్కించి ఊరికి తీసుకెళ్ళాడు. ఒక్కడే తిరిగొచ్చాడు.

మరుసటి ఏడు ఎక్స్‌రే బండి మళ్ళీ వచ్చింది. ఫలితాలు చూసి సేఠ్ పొంగిపోయాడు. మా మిల్లులో ఒక్కరికి కూడా మచ్చ లేదు. డాక్టరు నాకు ఫిల్ములు చూపించలేదు, నేనే తీసి చూశాను. మగ్గాల వాళ్ళవి చాలా వరకు ఒకటే ఛాతీ. మచ్చలేని, విరుపులేని, చక్కని ఛాతీ. ఎవరిదో నేను అడగలేదు. మెస్సులో అక్క చెప్పింది, ఈసారి మనవాళ్ళు తలా కొంత వేసుకుని ఆ బద్లీకి ముందే బయట ఎక్స్‌రే తీయించారట. సాఫ్ అని తేలాకే పంపారట. నా ఉపన్యాసాలు వృథా పోలేదన్నమాట. పరీక్షించి చూడనిదే దేన్నీ నమ్మొద్దని నేనే కదా నేర్పింది.

యజమానుల సంఘం వాళ్ళు మా మిల్లుకు ఆరోగ్యవంతమైన కార్ఖానా అని షీల్డు ఇచ్చారు. షామియానా వేసి, సాంచెలు ఆపి, అందరినీ కూర్చోబెట్టారు. సేఠ్ మాట్లాడి, ఈ విజయం వెనకున్న మనిషి అంటూ నన్ను మైకు ముందుకు పిలిచాడు.

నిలబడ్డాను. ఎన్నో సభల్లో ఎవరికీ భయపడకుండా మాట్లాడినవాణ్ణి. ముందు వరసల్లో సాంచెల వాళ్ళు. ఒక్కరూ నా ముఖం చూడటం లేదు. అందరూ నేల చూస్తున్నారు. మగ్గాలు ఆగి ఉన్నాయి కాబట్టి, ఎప్పుడూ వినబడనిది వినబడుతోంది. అక్కడొకరు, ఇక్కడొకరు, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని దగ్గుతున్నారు. నా నోట్లో ఉన్న నిజం ఒక్క వాక్యం. ఆ వాక్యం పలికితే సాయంత్రానికి వీళ్ళలో ఎంతమంది గేటు బయట ఉంటారో నాకు తెలుసు. పలకకపోతే వీళ్ళలో ఎవరు పహిల్వాన్ దారి పడతారో తెలియదు. వాళ్ళు ఏది కోరుకుంటున్నారో మాత్రం ఆ వంగిన తలలు చెబుతున్నాయి.

మంచినీళ్ళ కుళాయిల గురించి మాట్లాడాను. నీళ్ళు కాచి వడపోయడం గురించి, చేతులు కడుక్కోవడం గురించి, చాలాసేపు, ఉత్సాహంగా. చప్పట్లు కొట్టారు.

దిగి వస్తుంటే మగ్గాల వాడొకడు నా పక్కకు వచ్చి, దగ్గు ఆపుకుంటూ, మెల్లగా అన్నాడు.

"నల్లాల గురించి మస్తు చెప్పినవ్ సారు. సల్లగుండు."